ఇంటి కబుర్లు: పొడవు చెవుల కుక్కా, వీసా మీద బతికే మనమూ

అక్కలకూ, చెల్లెళ్లకూ, ఊళ్లో కూర్చుని కళ్లజోడు సర్దుకుంటూ ఫోన్‌లో ఇది చదివే అమ్మలకూ, అత్తయ్యలకూ నమస్కారం.

పోయిన నెల పచ్చళ్ల గురించి రాశాక గ్రూపుల్లోంచి బోలెడు ప్రశ్నలు వచ్చాయి. వాటిలో ఒకటి మాత్రం పచ్చళ్లది కాదు. అజ్మాన్‌లో ఉంటున్న ఒక చెల్లెలు అడిగింది. “అక్కా, మా పాపకి పదేళ్లు. ఒక్కతే బిడ్డ. రెస్క్యూ వాళ్ల దగ్గర కాకర్ స్పానియల్ ఒకటి ఉందట. ఫొటో చూసినప్పటి నుంచి ‘తెచ్చుకుందాం అమ్మా’ అని ఒకటే గోల. మీ ఇంట్లో ఉంది కదా. తెచ్చుకోవచ్చా? ఉన్నదున్నట్టు చెప్పండి.”

ఉన్నదున్నట్టే చెబుతా. తెచ్చుకోవచ్చు. కానీ ఫొటో చూసి తెచ్చుకోకూడదు. ఇంటి అగ్రిమెంట్ చూసి, మీ డ్యూటీ చార్ట్ చూసి, జూలై ఎండని తలుచుకుని, అప్పుడు తెచ్చుకోవాలి. ఈ నెల కబుర్లన్నీ ఇవే. కుక్క అక్కర్లేదు అనుకునేవాళ్లు కూడా చదవండి. పనిచేసే ఇంట్లో కుక్కని చూసుకునే మన ఆడవాళ్ల కోసం కూడా ఒక ముక్క రాశాను.

మా వాడి పేరు బూరె. బంగారు రంగు కాకర్ స్పానియల్. నాలుగేళ్ల కిందట వచ్చాడు. రెస్క్యూ వాళ్లు పెట్టిన ఇంగ్లీషు పేరు ఒకటి ఉండేది. మా అత్తయ్య వీడియో కాల్‌లో చూసి “అచ్చం బూరెలా ఉన్నాడే” అన్నారు. అంతే, అదే పేరైంది. వాడి పాత కుటుంబం ఉద్యోగం పోయి దేశం వదిలి వెళ్లిపోయింది. వాడు ఇక్కడే ఉండిపోయాడు. అప్పటికి వాడి వయసు ఐదేళ్లు.

ఇవి రెస్క్యూకి ఎలా వస్తాయి?

ఇక్కడి షెల్టర్లలో రెండు రకాల కుక్కలుంటాయి. మొదటిది ఎడారి కుక్క. పొడవు కాళ్లు, సన్నటి నడుము, ఇసుక రంగు. వీటిలో చాలావాటిలో సలూకీ రక్తం కాస్తో కూస్తో ఉంటుంది. సలూకీ అంటే ఈ అరబ్బుల వేట కుక్క. బెదూయిన్లు డేగతో పాటు దీన్ని వేటకి తీసుకెళ్లేవాళ్లు. మామూలు కుక్కని దూరం పెట్టే ఇళ్లలో కూడా సలూకీకి గౌరవం ఉంది. అబుదాబిలో వీటి కోసం ప్రత్యేకంగా ఒక కేంద్రమే ఉంది. రెండో రకం ఇళ్లలో పెరిగిన జాతి కుక్కలు. స్పానియళ్లు, పూడుళ్లు, హస్కీలు ఇలాంటివి. ఇవి వీధిలో పుట్టవు కదా. ఎవరో ఒకరు డబ్బు పెట్టి కొంటారు, తర్వాత వదులుకుంటారు.

ఎందుకు వదులుకుంటారో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉద్యోగం పోతుంది, వీసా రద్దవుతుంది, గడువు మొదలవుతుంది. సామాను కార్గోలో వేయాలి, పిల్లల టీసీలు తీసుకోవాలి, బ్యాంకు లోను తేల్చుకోవాలి. ఆ లెక్కల్లో కుక్క టికెట్టు ఆఖరికి వస్తుంది. జూన్ నెలాఖరులో బడులు మూసేస్తారు. కుటుంబాలు ఎక్కువగా దేశం మారేదీ, సెలవులకి వెళ్లేదీ అప్పుడే. షెల్టర్లు నిండిపోయేదీ, దత్తత తీసుకునేవాళ్లు తగ్గిపోయేదీ కూడా అప్పుడే. పైగా బయట ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు.

నర్సుగా నేను ఒకటి గమనించాను. మనలో చాలామంది చంటిపిల్లని అమ్మమ్మ దగ్గర వదిలి ఇక్కడికి వచ్చినవాళ్లం. బిడ్డకి ఫోన్‌లో అయినా చెప్పుకుంటాం, “వచ్చే ఏడు వస్తా నాన్నా” అని. కుక్కకి అదీ చెప్పలేం. అది తలుపు వైపు చూస్తూ కూర్చుంటుంది. బూరె మొదటి రెండు నెలలూ లిఫ్టు చప్పుడు అయినప్పుడల్లా లేచి తలుపు దగ్గరికి వెళ్లేవాడు. ఎవరి కోసమో మాకు తెలుసు, వాడికీ తెలుసు. మనం చేసే పని ఎంత పెద్దదో మీకు తెలియాలని ఇది చెబుతున్నాను.

ఎక్కడ అడగాలి?

దుబాయ్‌లో కె9 ఫ్రెండ్స్ అనే సంస్థ 1980ల చివరి నుంచీ వాలంటీర్ల బలంతో నడుస్తోంది. ఉమ్మ్ అల్ క్వైన్‌లో స్ట్రే డాగ్స్ సెంటర్ ఉంది. షార్జాలో క్యాట్ అండ్ డాగ్ షెల్టర్ ఉంది. అబుదాబిలో యానిమల్ వెల్ఫేర్ అబుదాబి అనే వాలంటీర్ల సంస్థ ఉంది. ముందు ఇలాంటి పేరున్న చోట్ల అడగండి. ఫేస్‌బుక్‌లో ఎవరో “స్పానియల్ పిల్ల ఉచితం, డెలివరీ చార్జీ మాత్రం ముందు పంపండి” అంటే డబ్బు పంపకండి. కుక్కని కళ్లతో చూడకుండా ఒక్క దిర్హమ్ కూడా ఇవ్వొద్దు.

ఇంకో మాట. కుక్క ఆపరేషన్‌కని మన గ్రూపుల్లో చందాలు అడుగుతూ మెసేజ్‌లు తిప్పకండి. జాలి ఉన్నా సరే. అనుమతి ఉన్న సంస్థలు తప్ప మామూలు మనుషులు విరాళాలు పోగు చేయడం ఇక్కడ నేరం. 2021లో దీని మీద ప్రత్యేకంగా ఫెడరల్ చట్టం వచ్చింది. సాయం చేయాలంటే షెల్టర్‌కి పాత దుప్పట్లు, తువ్వాళ్లు, డాగ్ ఫుడ్ బస్తా తీసుకెళ్లి ఇవ్వండి. సెలవు రోజు ఉదయం రెండు గంటలు వాలంటీరుగా వెళ్లి కుక్కలని నడిపించి రండి. పాప సరదా కూడా కొంత తీరుతుంది, కుక్క అంటే ఎంత పనో దానికే అర్థమవుతుంది.

రెస్క్యూ వాళ్లు ఊరికే ఇచ్చేయరు. ఫారం నింపమంటారు. ఎన్ని గంటలు ఇంట్లో ఎవరూ ఉండరు, బాల్కనీ ఎలా ఉంది, పిల్లల వయసెంత, దేశం వదిలి వెళ్లాల్సి వస్తే ఏం చేస్తారు అని అడుగుతారు. ఇంటికి వచ్చి చూసే వాళ్లు కూడా ఉన్నారు. “పెళ్లిచూపుల్లా ఇన్ని ప్రశ్నలా?” అని మా ఆయన విసుక్కున్నారు. నాకు మాత్రం అదే నచ్చింది. ఒకసారి దెబ్బతిన్న ప్రాణిని రెండోసారి ఎవరి చేతిలో పెడుతున్నామో చూసుకోవాలి కదా. టీకాలు, మైక్రోచిప్, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, వీటి ఖర్చులో కొంత దత్తత రుసుముగా తీసుకుంటారు. మీరు ఉంచుకోలేకపోతే తిరిగి మాకే అప్పగించాలి అని సంతకం కూడా పెట్టిస్తారు. అలా పెట్టించుకోని చోటునే అనుమానించండి.

ఇంకా ధైర్యం చాలకపోతే ముందు ఫోస్టర్‌గా తీసుకోండి. కొన్ని వారాలు మీ ఇంట్లో ఉంచుకుని చూసుకోవడం అన్నమాట. ఖర్చుల్లో కొన్ని చాలాచోట్ల రెస్క్యూ వాళ్లే భరిస్తారు.

ఫారం నింపే ముందు ఇంట్లో తేల్చుకోవాల్సినవి

మొదటిది ఇల్లు. అద్దె అగ్రిమెంట్‌లో పెంపుడు జంతువులు కూడదని ఉందా? ఉంటే అక్కడితో ఆపేయండి. ఏమీ రాసి లేకపోతే ఓనర్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. వాచ్‌మన్ “పర్వాలేదు మేడమ్” అన్నాడంటే అది అనుమతి కాదు. షేరింగ్ విల్లాలో, పార్టిషన్ గదుల్లో ఉండేవాళ్లకి ఇది కుదిరే పని కాదు. మన ఉండటమే ఇంకొకరి దయ మీద ఉన్నప్పుడు ఇంకో ప్రాణిని దాచి ఉంచడం ఎవరికీ మంచిది కాదు.

రెండోది గంటలు. మా ఆసుపత్రి డ్యూటీ ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఏడు. ప్రయాణంతో కలిపి పద్నాలుగు గంటలు. స్పానియల్ అంత సేపు ఒంటరిగా ఉండలేదు. ఇది మనిషి పక్కన పనిచేయడానికి తయారుచేసిన జాతి. పొదల్లో ఉండే ఉడ్‌కాక్ పిట్టని లేపడానికి వేటగాళ్లు వాడేవాళ్లు కాబట్టి దీనికి కాకర్ అని పేరు. మనిషి కనిపించకపోతే ఇది ఏడుస్తుంది, తలుపు గీకుతుంది, చెప్పులు కొరుకుతుంది. మా ఇంట్లో మా ఆయనది ఇంటి నుంచి చేసే పని కాబట్టి కుదిరింది. భార్యాభర్తలిద్దరూ పొద్దున వెళ్లి రాత్రి వచ్చేవాళ్లయితే మధ్యలో చూసే మనిషి ఖర్చు కూడా లెక్క వేసుకోండి.

మూడోది డబ్బు. కుక్క ఉచితంగా వచ్చినా దాని జీవితం ఉచితం కాదు. ఇక్కడ పశువైద్యుడి దగ్గరికి ఒకసారి వెళ్తేనే వందల దిర్హమ్‌లు. దీనికి జుట్టు పొడవు కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కత్తిరింపు కావాలి. సెలవులకి ఇండియా వెళ్తే బోర్డింగ్‌లో పెట్టాలి. నెల రోజుల బోర్డింగ్ ఖర్చు ఒక మనిషి విమానం టికెట్టుతో పోటీ పడుతుంది. ఇది ముందే తెలిస్తే ఏ బాధా లేదు.

నాలుగోది ఇంట్లో అందరి మాట. ఇది పాప కుక్క అనుకోవద్దు. పదేళ్ల పిల్ల పదిహేనేళ్లది అయ్యేసరికి దాని చదువు, దాని స్నేహితులు. కాకర్ పన్నెండు నుంచి పద్నాలుగేళ్లు బతుకుతుంది. అంటే తెల్లవారుజామున గొలుసు పట్టుకునేది మీరే. అందుకు ఇష్టమైతేనే సరే అనండి.

ఇక పెద్దవాళ్లు. “ఇంట్లో కుక్కేంటి, దేవుడి గదేమవుతుంది?” అంటారు. మా అత్తయ్యా అన్నారు. నేను వాదించలేదు. దేవుడి మూలకి చిన్న గేటు పెట్టాం, వాడు అటు వెళ్లడు. ఆవిడ వచ్చినప్పుడు ఆవిడ గదిలోకి పంపం. కానీ ఒక సంగతి గుర్తు చేశాను. మన భారతం మొదలయ్యేదే ఒక కుక్క ఫిర్యాదుతో. నన్నయగారి ఆదిపర్వంలో సరమ కథ అందరికీ తెలిసిందే. ఏ తప్పూ చేయని తన బిడ్డని జనమేజయుడి తమ్ముళ్లు కొట్టారని ఆ తల్లి వచ్చి రాజునే నిలదీస్తుంది. పాండవుల కథ చివర్లో ధర్మరాజు వెంట నడిచిందీ కుక్కే. అత్తయ్య కాసేపు ఊరుకుని, “సరేలే, మంచం మాత్రం ఎక్కనీయకు” అన్నారు. ఇప్పుడు వీడియో కాల్ చేస్తే ముందు అడిగేది వాడినే.

చట్టం ఏమంటుంది?

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 2016లో వచ్చిన 22వ నంబరు ఫెడరల్ చట్టం ప్రకారం కుక్కకి లైసెన్స్ ఉండాలి, బయటికి తీసుకెళ్తే గొలుసు ఉండాలి. ఈ రెంటిలో ఏది లేకపోయినా 10,000 నుంచి 1,00,000 దిర్హమ్‌ల వరకు జరిమానా పడొచ్చు. దుబాయ్‌లో అయితే మునిసిపాలిటీ రిజిస్ట్రేషన్, మైక్రోచిప్, ఏటా రేబిస్ టీకా తప్పనిసరి. మీరు వెళ్లే క్లినిక్ వాళ్లే ఇవన్నీ చేయించి పెడతారు. చిప్‌లో పాత యజమాని ఫోన్ నంబరు కాకుండా మీ నంబరు ఉందో లేదో ఆ రోజే చూసుకోండి. కుక్క తప్పిపోతే దాన్ని ఇంటికి చేర్చేది ఆ నంబరే.

దుబాయ్‌లో పబ్లిక్ బీచ్‌లకి, మామూలు పార్కులకి కుక్కని తీసుకెళ్లకూడదు. వాటికోసం వేరే చోట్లు ఉన్నాయి. ఇక పెంపుడు జంతువుని వదిలేసి పోవడం, హింసించడం కూడా ఇక్కడ చట్టం ఒప్పుకోదు. జంతు సంరక్షణ మీద 2007 నుంచే 16వ నంబరు ఫెడరల్ చట్టం ఉంది.

చట్టంలో రాయని మర్యాద ఒకటుంది. పక్కింటివాళ్లలో ముస్లిం సోదరీమణులు చాలామంది ఉంటారు. కుక్క లాలాజలం బట్టలకి తగిలితే నమాజుకి ముందు ఉతుక్కోవాలని వాళ్లలో చాలామంది పట్టింపు. అది వాళ్ల శుచి. మన ఇళ్లలో మడి లేదూ? అలాంటిదే. లిఫ్టులో ఎవరైనా ఉంటే నేను ఎక్కను, తర్వాతది వచ్చేదాకా ఆగుతాను. మా అంతస్తులో ఒక సూడానీ అమ్మగారు ఉన్నారు. రెండేళ్లుగా మేం ఇలా ఆగడం చూసి, ఇప్పుడు ఆవిడే దూరం నుంచి వాడి ఆరోగ్యం అడుగుతారు.

ఎండ

మే నుంచి సెప్టెంబరు వరకు ఈ ఒక్క విషయం మీదే వాడి ప్రాణం ఉంటుంది. మనుషులకే జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడ ప్రభుత్వ నియమం. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయట పెట్టి రొప్పడమే దాని ఫ్యాను. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ ఫ్యాను కూడా సరిగా పనిచేయదు. మన సముద్రతీరం ఊళ్లలో ఆగస్టు ఎలా ఉంటుందో తెలుసుగా.

అందుకే ఎండాకాలం నడక తెల్లవారకముందు, మళ్లీ రాత్రి తొమ్మిది దాటాక. రాత్రి కూడా నేల వేడిగానే ఉంటుంది. అరచేయి వెనక వైపు నేలకి ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. మీ చేయి ఆగకపోతే వాడి కాళ్లు కూడా ఆగవు. ఇంట్లో ఆడించండి. వాడి బుర్రంతా ముక్కులోనే ఉంది కాబట్టి తువ్వాల్లో నాలుగు తిండి గింజలు చుట్టి దాస్తే అరగంట వెతుక్కుంటాడు. పది నిమిషాలు ముక్కుకి పని చెబితే ఎంత అలసిపోతాడో చూస్తే ఆశ్చర్యపోతారు.

వడదెబ్బ గుర్తులు నర్సుగా చెబుతున్నా, రాసి పెట్టుకోండి. ఆగకుండా రొప్పడం, జిగట చొంగ, చిగుళ్లు మరీ ఎర్రబడటం, తూలడం, వాంతి. కుక్క మామూలు ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల చుట్టూ ఉంటుంది. 41 దాటిందంటే ప్రాణాపాయం. వెంటనే నీడకి తెచ్చి, ఒంటిమీద నీళ్లు పోస్తూ ఫ్యాను పెట్టి, చల్లబరుస్తూనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఇక్కడో తిరకాసు ఉంది. జూలైలో మన చన్నీళ్ల కుళాయిలో వచ్చేవి కూడా వేడినీళ్లే కదా, మేడ మీది ట్యాంకు పుణ్యమా అని. అందుకని బకెట్టు నీళ్లు పట్టి ఏసీ గదిలో ఉంచుకోవడం మా ఇంట్లో అలవాటు. కారులో మాత్రం “రెండు నిమిషాల్లో వస్తా” అని కూడా వదలకండి.

చెవులు, జుట్టు, వంటిల్లు

స్పానియల్ అందమంతా ఆ చెవుల్లోనే, జబ్బంతా కూడా అక్కడే. వేలాడే చెవి కింద గాలి ఆడదు, తేమ నిలుస్తుంది, బూజు పడుతుంది. తల అదే పనిగా విదిలించినా, చెవి దగ్గర పులిసిన వాసన వచ్చినా డాక్టరుకి చూపించండి. వారానికోసారి డాక్టరు ఇచ్చిన చెవి మందుతో పైపైన తుడవాలి. ఇయర్‌బడ్ లోపలికి పెట్టకండి. కొబ్బరినూనెలో కర్పూరం వేసి పోయమని ఎవరైనా సలహా ఇస్తే వద్దే వద్దు. కర్పూరం కుక్కలకి విషం. నీళ్లకి సన్నటి మూతి గిన్నె కొనండి, చెవులు మునగవు. స్నానమయ్యాక చెవులు పొడిగా తుడవండి.

వెంట్రుకల్లో చిక్కులు పడకుండా రోజూ దువ్వాలి. అప్పుడే పేలూ, పిడుదులూ కనిపిస్తాయి. ఎడారి దేశంలో పిడుదులేంటి అనుకోకండి, ఉంటాయి. వాటి వల్ల వచ్చే జ్వరం కుక్కని పడగొట్టేస్తుంది. నెలనెలా మందు తప్పించకండి. కొందరికి ఏడుపు ముఖంలా కళ్లు కూడా కారుతుంటాయి. ఈ జాతికి కంటి జబ్బులు ఎక్కువ కాబట్టి ఏడాదికోసారి చూపించడం మంచిది.

వంటింటి సంగతి మన ఆడవాళ్లకి బాగా పట్టించుకోవాల్సింది. స్పానియల్ ఎప్పుడూ ఆకలిగా ఉన్నట్టే చూస్తుంది. ఆ చూపుకి కరిగిపోయి పళ్లెంలోది పెట్టేస్తాం. మన కూరల్లో ఉల్లి, వెల్లుల్లి లేనిదేది? రెండూ కుక్క రక్తానికి చెరుపు చేస్తాయి. పాయసంలో ఎండుద్రాక్ష, మామూలు ద్రాక్ష కూడా మూత్రపిండాలని పాడు చేస్తాయి. చాక్లెట్ కూడదు. చక్కెర లేని చూయింగ్ గమ్ములో వేసే జైలిటాల్ మరీ ప్రమాదం. ఉడికిన కోడి ఎముక విరిగి పేగుకి గుచ్చుకుంటుంది. పండగ రోజు వాడికి ఏదో ఒకటి పెట్టాలనిపిస్తే ఉప్పు, కారం లేకుండా ఉడికించిన క్యారెట్ ముక్కో, చికెన్ ముక్కో చాలు. పన్నెండు పదిహేను కిలోల ప్రాణికి మన ప్రేమంతా అన్నం రూపంలో అక్కర్లేదు.

మొదటి మూడు నెలలు

రెస్క్యూ వాళ్లు ఒక లెక్క చెబుతుంటారు. మూడు రోజులు భయం తగ్గడానికి, మూడు వారాలు ఇంటి పద్ధతి తెలియడానికి, మూడు నెలలు “ఇది నా ఇల్లు” అనుకోవడానికి. అత్తారింటికి వచ్చిన కొత్త కోడలి లెక్కే, ఏమంటారు? మొదటి రోజే చుట్టాలనీ, బిల్డింగ్ పిల్లలనీ పిలవకండి. ఒక మూల పరుపు వేసి అక్కడ వాడిని ఎవరూ కదపకండి. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు చేయి వేయొద్దని పాపకి ముందే చెప్పండి. బూరె మొదటి వారం సోఫా కిందే ఉన్నాడు. నేను నైట్ డ్యూటీ నుంచి వచ్చి, వాడి వైపు చూడకుండా కింద కూర్చుని టీ తాగేదాన్ని. తొమ్మిదో రోజు పొద్దున తనే వచ్చి నా కాలి మీద గడ్డం ఆనించాడు. అప్పుడు కూడా నేను కదల్లేదు. టీ చల్లారిపోయింది.

పని ఇళ్లలో ఉన్న అక్కచెల్లెళ్లకి

గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లు చాలామంది ఈ పత్రిక చదువుతారు. యజమాని కుక్కని నడిపించే పని చాలాసార్లు మీ మీదే పడుతుంది. మూడు సంగతులు గుర్తుంచుకోండి. గొలుసు ఎప్పుడూ వదలకండి. మధ్యాహ్నం నడిపించమంటే ఎండ వల్ల కుక్కకి ప్రమాదమని మర్యాదగా చెప్పండి. కావాలంటే నేలమీద చేయి పెట్టి చూపించండి. అది మీకూ ప్రమాదమే. కుక్క కరిచినా, గీరినా దాచుకోకండి. పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లమని అడగండి. “ఇంటి కుక్కే కదా, టీకాలు వేశాం” అన్నా సరే, డాక్టరు చూడాలి. రేబిస్ వచ్చాక మందు లేదు, రాకముందే ఉంది. పసుపు, కారం, సున్నం ఏవీ గాయానికి పెట్టకండి. ఊళ్లో చదువుతున్న అమ్మలకి కూడా ఇదే మాట. వీధి కుక్క గీరినా ఇంతే.

మనం వెళ్లిపోయే రోజు

ఇప్పుడు అసలు ప్రశ్న. అజ్మాన్ చెల్లెలు దీన్ని అడగలేదు. రెస్క్యూ వాళ్లు మాత్రం తప్పకుండా అడుగుతారు. మనకి ఇక్కడ పౌరసత్వం లేదు, వీసానే. పద్నాలుగేళ్లు బతికే ప్రాణిని రెండేళ్లకోసారి రెన్యువల్ అయ్యే జీవితంలోకి తెస్తున్నాం. వెళ్లాల్సి వస్తే?

దారి ఉంది. విదేశంలో వరసగా రెండేళ్లు ఉండి ఇల్లు మార్చుకుని ఇండియా తిరిగి వెళ్లేవాళ్లు తమ పెంపుడు జంతువుల్ని, రెండింటి వరకు, వెంట తెచ్చుకోవచ్చు. అక్కడి జంతు క్వారంటైన్ శాఖ నుంచి ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి. హైదరాబాద్‌లోనూ ఆ శాఖ ఆఫీసు ఉంది, చెన్నై, బెంగళూరుల్లోనూ ఉంది. ఇక్కడి పర్యావరణ మంత్రిత్వ శాఖ నుంచి ఎగుమతి పత్రం, ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. రేబిస్ టీకా వేయించి కనీసం నెల దాటి ఉండాలి, ఏడాది దాటకూడదు. కుక్క ప్రయాణించేది కార్గోలో, దాని కొలతకి తగిన పెట్టెలో. మండు వేసవిలో జంతువుల్ని తీసుకోని విమానాలు ఉంటాయి. ఈ పని వారంలో అయ్యేది కాదు, చవకా కాదు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్టు కొనే ముందు తాజావి కనుక్కోండి. మేం బూరె వచ్చిన నెల నుంచే వాడి ప్రయాణానికని వేరే ఖాతాలో నెలకి కొంత వేస్తున్నాం. పాప ఫీజు ఖాతా పక్కనే అదీ ఉంది. ఉద్యోగం రేపు పోయినా ఆ డబ్బుని ముట్టుకోకూడదని మా ఇంట్లో మాట.

ఇంత ఏర్పాటు మీ వల్ల కాదనిపిస్తే సిగ్గుపడకండి. కాదని ముందే తెలుసుకోవడం కూడా దయే. వాలంటీరుగా వెళ్లండి, ఫోస్టర్ చేయండి. ఆ ఒక్క స్పానియల్ ఈలోగా వేరే ఇంటికి వెళ్లిపోతే పాపతో కలిసి సంతోషించండి. స్పానియల్ దొరకక ఎడారి కుక్క మీద మనసు పడిందా, ఇంకా మంచిది. షెల్టర్లలో ఏళ్ల తరబడి ఎదురుచూసేవి అవే. ఎండకి కాస్త తట్టుకుంటాయి, జుట్టు గొడవ లేదు, చెవులు నిటారుగా గాలి ఆడుతుంటాయి. ఫొటోలో అంత ముద్దుగా పడవు, అంతే.

చెల్లీ, ఇక నీ సంగతి. అగ్రిమెంట్ చూడు. మీ ఆయనతో కూర్చుని వెళ్లే రోజు ఖర్చు లెక్క వేయి. పాపని రెండు సెలవు రోజులు షెల్టర్‌కి తీసుకెళ్లి, దాని చేతే నీళ్ల గిన్నెలు కడిగించు, దొడ్డి శుభ్రం చేయించు. అప్పటికీ “ఇదే కావాలి” అంటే ఫారం నింపు. ఆ కుక్క ముందున్న ఇంట్లో ఏ పేరుతో పిలిచేవాళ్లో అడిగి తెలుసుకో. కొన్నాళ్లు రెండు పేర్లతోనూ పిలువు. పాత పేరుతో పిలిస్తే తిరిగి చూస్తుంది. కొత్త పేరుకి ఎప్పుడు తిరుగుతుందో ఆ రోజు నాకు మెసేజ్ పెట్టు.

వచ్చే నెల కబుర్లు సెలవులకి ఇండియా వెళ్లేవాళ్ల మందుల సంచీ గురించి. మీ మీ ప్రశ్నలు గ్రూపు అడ్మిన్‌లకి పంపండి. బాల్కనీలో పావురాలకో, వీధి పిల్లులకో ఒక గిన్నె నీళ్లు మర్చిపోకండి. నీడలో పెట్టండి.

ఉంటాను,
మీ దుబాయ్ నర్సక్క